వేడి పాకినట్టు ధర పాకుతుందా?

ఇనుప కడ్డీ ఒక కొసను నిప్పులో పెడితే రెండో కొసకు సెగ ఎప్పటికి చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబుగా రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఒక సమీకరణం పుట్టింది. ఇవాళ నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నిఫ్టీ ఆప్షన్‌కి ఎంత ధర పలకాలో లెక్కవేసే కంప్యూటర్ల లోపల పనిచేస్తున్నదీ దాదాపు అదే. రాశుల పేర్లు మారాయి, కాలం దిశ తిరగబడింది, అంతే. భౌతికశాస్త్రం నుంచి అర్థశాస్త్రానికి వలస వెళ్లిన గణితం చాలానే ఉంది. కానీ రెండు చోట్లా ఇంత లోతుగా వేళ్లూనుకున్న సమీకరణం నాకు తెలిసి మరొకటి లేదు. గణిత నమూనా అంటే ఏమిటి, దాన్ని ఎక్కడిదాకా నమ్మవచ్చు అని తెలుసుకోవాలంటే దీని వెంట నడవడం కంటే మంచి దారి కనపడదు.

జోసెఫ్ ఫూరియే 1768లో ఒసేర్ అనే ఊళ్లో దర్జీ ఇంట పుట్టాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లాడు. తిరిగొచ్చాక నెపోలియన్ అతణ్ణి గ్రెనోబుల్ పట్నం ముఖ్యకేంద్రంగా ఉన్న జిల్లాకు పాలనాధికారిగా వేశాడు. పగలు రోడ్లు వేయించే పని, చిత్తడి నేలలు ఎండగట్టించే పని. వాటి మధ్యలోనే ఇనుప కడియాలను కాల్చి, వాటి చుట్టూ థర్మామీటర్లు అమర్చి, ఏ చోట ఎంత వేడి ఎంతసేపటికి తగ్గుతోందో రాసుకున్నాడు. 1807లో పారిస్‌లోని విద్వత్సభకు తన పత్రం సమర్పించాడు. లగ్రాంజ్ అంతటి గణితజ్ఞుడు అడ్డుచెప్పాడు. ఎంత గతుకుల గీతనైనా నున్నటి తరంగాల మొత్తంగా రాయవచ్చన్న ఫూరియే పద్ధతి ఆయనకు మింగుడుపడలేదు. పుస్తకం అచ్చుకావడానికి 1822 దాకా పట్టింది.

సమీకరణం గుర్తులు చూస్తే బెదురు పుడుతుంది గానీ అది చెప్పేది చిన్న మాట. కడ్డీని సన్నటి ముక్కలుగా ఊహించుకుందాం. ఒక ముక్క 50 డిగ్రీల దగ్గర ఉంది. దాని ఎడమ ముక్క 80, కుడి ముక్క 60. పక్కవాటి సగటు 70. మధ్య ముక్క ఆ సగటు కంటే చల్లగా ఉంది కాబట్టి వేడెక్కుతుంది. సగటును మించి ఉంటే చల్లబడేది. తేడా ఎంత పెద్దదైతే మార్పు అంత వేగం. ఆ వేగాన్ని పట్టి ఉంచే స్థిరాంకం ఒకటి ఉంటుంది. రాగికి అది ఎక్కువ, ఇనుముకు తక్కువ, ఇటుకకు మరీ తక్కువ. ముక్కల్ని అంతూపొంతూ లేనంత సన్నగా చేసుకుంటూ పోతే ఈ మాటే ఫూరియే అవకలన సమీకరణం అవుతుంది.

ఇందులోంచి పెద్ద సంగతి ఒకటి బయటపడుతుంది. వేడి పాకే దూరం కాలంతో పాటు సమానంగా పెరగదు, కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. రెట్టింపు దూరానికి నాలుగింతల సమయం, పదింతల దూరానికి వందింతలు. పగటి ఎండా రాత్రి చలీ నేలలోకి దిగే లోతు కంటే, వేసవీ శీతకాలాల ఏడాది చక్రం 19 రెట్లు లోతుకు దిగుతుంది. ఏడాదికి 365 రోజులు, 365కి వర్గమూలం 19 చిల్లర. ఈ వర్గమూలాన్ని మనసులో పెట్టుకోవాలి. ముందు ముందు పుప్పొడి దగ్గరా ఇదే కనిపిస్తుంది, షేరు ధర దగ్గరా ఇదే కనిపిస్తుంది.

ఆ సమీకరణం పట్టుకుని భూమి వయసు లెక్కగట్టినవాడు విలియం థామ్సన్, తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డవాడు. గనుల్లోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుందని అప్పటికే తెలుసు. సుమారుగా 50 అడుగులకు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ. భూమి మొదట్లో 7,000 డిగ్రీల దగ్గర ఉండి, అప్పటినుంచి పైపొర మీదుగా చల్లారుతూ వస్తోందనుకుంటే, ఇప్పుడు కనిపిస్తున్న ఈ వాలు ఏర్పడటానికి ఎంతకాలం పట్టి ఉండాలి? 1862లో కెల్విన్ చెప్పిన జవాబు 9 కోట్ల 80 లక్షల ఏళ్లు. కొలతలు పక్కాగా లేవు కాబట్టి 2 కోట్లకూ 40 కోట్లకూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చన్నాడు. ఇవాళ మనకు తెలిసిన వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు.

కెల్విన్ లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. తొలి వేడి, లోతుతో పెరిగే వాలు, రాతి స్థిరాంకం అనే ఆ మూడు అంకెలూ ఇస్తే ఇవాళ డిగ్రీ విద్యార్థి కట్టినా 9.8 కోట్ల దగ్గరే తేలుతుంది. తప్పు లెక్క మొదలవకముందే జరిగిపోయింది. భూగోళమంతా లోపల కదలిక లేని గట్టి రాయి అని ఆయన అనుకున్నాడు. రేడియోధార్మికత సంగతి ఆయనకు తెలియకపోవడమే కారణమని చాలా పుస్తకాలు రాస్తాయి. అది చిన్న కారణం. అసలు లోపాన్ని 1895లో, కెల్విన్ దగ్గరే ఒకప్పుడు సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ వేలుపెట్టి చూపించాడు. లోపలి పదార్థం మెల్లమెల్లగా కదులుతూ అడుగునున్న వేడిని పైకి మోసుకొస్తుంటే పైపొరలోని వాలు ఎంతోకాలం తగ్గకుండా నిలుస్తుంది. అప్పుడు వయసు వందల కోట్లకు పోతుంది. పెర్రీ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంతకు చాలా ముందే కెల్విన్ అంకె డార్విన్‌కు కంటిలో నలుసైంది, ఎందుకంటే జీవపరిణామం జరగడానికి ఆ కాలం చాలదు. కళ్లముందున్న శిలలూ శిలాజాలూ ఒక మాట చెబుతుంటే, మచ్చలేని లెక్క ఇంకో మాట చెప్పింది. అప్పట్లో చాలామంది లెక్కకే తలవంచారు. ఈ కథ ఆర్థిక నమూనాల గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చదవాల్సినదని నా అభిప్రాయం. భౌతికశాస్త్రంలో నమూనాలు ఎప్పుడూ నిక్కమే చెబుతాయి, అర్థశాస్త్రంలోవే బోల్తా పడతాయి అనే మాట నిజం కాదని ఇది చూపిస్తుంది.

ఇక రెండో దారి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడి లోపలి సన్నటి రేణువుల్ని నీటిలో వేసి మైక్రోస్కోపు కింద చూశాడు. అవి నిలకడ లేకుండా అటూ ఇటూ తుళ్లుతున్నాయి. ప్రాణం ఉంది కాబట్టి కదులుతున్నాయేమోనని, ప్రాణం లేనివాటినీ పొడిచేసి చూశాడు. గాజు, రాళ్లు, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహం నుంచి వచ్చిన చిన్న పెచ్చు కూడా. అన్నీ తుళ్లాయి. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు.

ఆ తుళ్లింతకూ కడ్డీలో వేడికీ ఉన్న చుట్టరికం ఒక చిన్న ఆటతో తేలిపోతుంది. పొడవాటి వరుసలో గడులు గీసి, మధ్య గడిలో వెయ్యి మందిని నిలబెట్టామనుకుందాం. నిమిషానికోసారి ప్రతి ఒక్కరూ నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఒక గడి కుడికి, బొరుసు పడితే ఒక గడి ఎడమకు. ఫలానా గడిలో వచ్చే నిమిషం ఎంతమంది ఉంటారు? ఎడమ గడిలో ఉన్నవాళ్లలో సగం మంది వస్తారు, కుడి గడిలోవాళ్లలో సగం మంది వస్తారు. అంటే పక్క రెండు గడుల సగటు. ఫూరియే కడ్డీ చెప్పినదీ ఈ మాటే. వేడి బదులు మనుషుల సంఖ్య, లేదా ఒక మనిషి ఫలానా చోట ఉండే సంభావ్యత అనుకుంటే చాలు, సమీకరణంలో మార్చవలసింది ఏమీ లేదు. వర్గమూలమూ అలాగే వస్తుంది. వంద ఎగరవేతల తర్వాత మనిషి మొదటి చోటికి సుమారు పది గడుల దూరంలో ఉంటాడు. పదివేల ఎగరవేతల తర్వాత వంద గడుల దూరంలో.

ఈ చుట్టరికాన్ని మొదట పట్టుకున్నది భౌతికశాస్త్రజ్ఞుడని ఎవరైనా అనుకుంటారు. మొదట పట్టుకున్నది షేర్ మార్కెట్ గురించి రాసినవాడు. లూయీ బషెలియే 1870లో ల హావ్ర్ రేవుపట్నంలో పుట్టాడు. తండ్రిది ద్రాక్షసారాయి వ్యాపారం. 1889లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోవడంతో చదువు ఆపి వ్యాపారం నెత్తినేసుకున్నాడు. తర్వాత సైన్యంలో పనిచేసి, పారిస్ చేరి మళ్లీ చదువు పట్టాడు. 1900 మార్చి 29న గణితజ్ఞుడు హెన్రీ పాంకరే ముందు తన సిద్ధాంతవ్యాసాన్ని సమర్థించుకున్నాడు. దాని పేరు 'సట్టా సిద్ధాంతం' అని చెప్పుకోవచ్చు. పారిస్ షేర్ మార్కెట్ అయిన బోర్సులో అప్పుడు ఎక్కువగా చేతులు మారేవి 3 శాతం వడ్డీ ఫ్రెంచి ప్రభుత్వ బాండ్లు, వాటి మీద ఆప్షన్లు. బషెలియే వాదం సూటిగా ఉంటుంది. ఏ క్షణంలోనైనా బాండు కొనేవాడు ధర పెరుగుతుందనుకుంటాడు, అమ్మేవాడు తగ్గుతుందనుకుంటాడు. బేరం కుదిరిందంటే ఇద్దరి ఆశలూ తక్కెడలో సరితూగాయన్నమాట. కాబట్టి మొత్తంగా మార్కెట్ పెరుగుదలనూ తరుగుదలనూ నమ్మడం లేదు. సగటున సట్టా చేసేవాడికి మిగిలేది సున్నా. ధర తర్వాతి అడుగు నాణెం ఎగరేసినట్టే. అక్కణ్ణుంచి సంభావ్యత ధరల మీద పరుచుకునే తీరు వేడి పాకే తీరే అని ఆయన రాశాడు, ఫూరియే సమీకరణాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాడు.

పాంకరే మెచ్చుకున్నాడు, కానీ విషయం గణితవిద్యార్థులు సాధారణంగా ఎంచుకునే వాటికి దూరమన్నాడు. వ్యాసానికి దక్కింది రెండో రకం శ్రేణి. దాంతో బషెలియేకు మంచి ఉద్యోగం దొరకలేదు. 1927లో, 57 ఏళ్ల వయసులో, బెజాన్సొన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. 1946లో పోయాడు. తన వ్యాసం ఒక రోజున ఎన్ని కోట్ల డాలర్ల బేరాలకు పునాది అవుతుందో చూడకుండానే పోయాడని తలుచుకుంటే బాధేస్తుంది.

బషెలియే తర్వాత అయిదేళ్లకు, 1905లో, బెర్న్ నగరంలో పేటెంటు గుమాస్తాగా ఉన్న ఐన్‌స్టైన్ అదే సమీకరణానికి తనంతట తాను వచ్చాడు, ఈసారి నీటిలో రేణువుల కోసం. అయితే ఆయన ఇంకో అడుగు వేశాడు, ఈ వ్యాసానికి ఆ అడుగే ప్రాణం. రేణువు ఎంత వేగంగా పాకుతుందో చెప్పే స్థిరాంకాన్ని ఊరికే ఒక అంకెగా వదిలేయలేదు. నీటి ఉష్ణోగ్రత, నీటి చిక్కదనం, రేణువు సైజు, ఇంకా ఒక మోల్ పదార్థంలో ఎన్ని అణువులుంటాయో చెప్పే అవొగాడ్రో సంఖ్య, ఈ నాలుగూ కలిసి ఆ స్థిరాంకాన్ని నిర్ణయిస్తాయని చూపించాడు. 17 డిగ్రీల సెల్సియస్ నీటిలో ఒక మైక్రాన్ వ్యాసం ఉన్న రేణువు ఒక సెకనులో సగటున 0.8 మైక్రాన్లు, ఒక నిమిషంలో సుమారు 6 మైక్రాన్లు జరగాలని ముందే చెప్పాడు. నిమిషానికి 60 సెకన్లు, 60కి వర్గమూలం 7.7 చిల్లర, దాన్ని 0.8తో హెచ్చవేస్తే ఆరు పైచిలుకు. వర్గమూలం తన మాట నిలబెట్టుకుంది.

పారిస్‌లో జీన్ పెర్రిన్ ఒక చెట్టు పసుపు జిగురు నుంచి ఒకే సైజు గుండ్రటి రేణువుల్ని ఓపికగా వేరుచేశాడు. 1908 నుంచి మైక్రోస్కోపు కింద వాటి జాడను అరనిమిషానికోసారి గళ్ల కాగితం మీద చుక్కపెట్టుకుంటూ పోయాడు. ఆ చుక్కల నుంచి అవొగాడ్రో సంఖ్యను రాబట్టాడు. 6 నుంచి 7 మధ్య అంకె, ఆ పక్కన 23 స్థానాలు. తర్వాత దాన్నే వేరే దారుల్లో వచ్చిన విలువలతో పోల్చాడు. ఆకాశం నీలిరంగు నుంచి, రేడియోధార్మిక పదార్థాల నుంచి, వాయువుల చిక్కదనం నుంచి, ఎటునుంచి వచ్చినా అంకె ఒక్కచోటికే చేరింది. పరమాణువులున్నాయా లేవా అన్న శతాబ్దాల వాదన అక్కడితో ముగిసింది. 1926లో పెర్రిన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. సమీకరణం అందంగా ఉందని కాదు వాదన ముగిసింది. దానిలోని స్థిరాంకాన్ని సమీకరణంతో సంబంధం లేని పది దిక్కుల నుంచి కొలిచి చూసినా అది చెక్కుచెదరలేదు, అందుకని ముగిసింది.

మార్కెట్ వైపు బషెలియే పని అర్ధశతాబ్దం మూలపడి ఉంది. 1950లలో జిమ్మీ శావేజ్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు ఈ ఫ్రెంచి రచన తెలుసా అని అమెరికా ఆర్థికవేత్తలకు కార్డులు రాశాడు. పాల్ శామ్యూల్సన్ వెతికించి చదివాడు. ఒక లోపం వెంటనే కంటబడింది. బషెలియే ధర అటూ ఇటూ రూపాయల్లో అడుగులేస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు సున్నా కిందకు పోవచ్చు. షేరు ధర మైనస్ అవదు కదా. అడుగులు రూపాయల్లో కాకుండా శాతాల్లో పడతాయనుకుంటే ఆ చిక్కు పోతుంది. 1959లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసే ఆస్బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు కూడా ఇదే సవరణ చేశాడు.

ఇప్పుడు ఆప్షన్ సంగతి. స్థలం కొనేటప్పుడు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాం. 50 లక్షలకు ఖాయం, ఆరు నెలల గడువు, చేతిలో లక్ష బయానా. గడువులోపు స్థలం 60 లక్షలకు పోతే పరుగెత్తి రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం. 40కి పడిపోతే బయానా వదులుకుంటాం. షేరు మీద కాల్ ఆప్షన్ అంటే ఆ బయానాయే. ప్రశ్నల్లా ఒకటే, ఎంత బయానా న్యాయం? 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఒక జవాబు అచ్చువేశారు. రాబర్ట్ మెర్టన్ దాన్ని మరింత గట్టి పునాది మీద నిలబెట్టాడు. వాళ్ల ఆలోచన ఇది. ఆప్షన్ అమ్మినవాడు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. కొన్ని షేర్లు కొని దగ్గర పెట్టుకుని, ధర పెరిగేకొద్దీ ఇంకొన్ని కొంటూ, తగ్గేకొద్దీ అమ్ముతూ పోతే, ఆప్షన్ మీద వచ్చే నష్టం షేర్ల మీద వచ్చే లాభంతో చెల్లుకు చెల్లవుతుంది. నష్టభయం లేని పెట్టుబడికి బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ రాకూడదు. ఈ రెండు మాటలూ కలిపితే ఒక అవకలన సమీకరణం వస్తుంది. షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్న అభిప్రాయానికి అందులో చోటే లేదు. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు అర్థశాస్త్రంలో ఇంత చక్కటి ఆలోచన అరుదు.

ఆ సమీకరణాన్ని కొద్దిగా రాశులు మార్చి రాస్తే ఫూరియేదే. విచిత్రమేమంటే బ్లాక్ హార్వర్డులో భౌతికశాస్త్రంలో పట్టభద్రుడు, అనువర్తిత గణితంలో డాక్టరేట్ చేసినవాడు. అయినా చేతిలో ఉన్నది వేడి సమీకరణమేనని మొదట పోల్చుకోలేకపోయానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఆ పోలిక ఎలా ఉంటుందంటే, గడువు రోజున ఆప్షన్ విలువను గీత గీసి చూడాలి. ఒప్పుకున్న ధర 1,000 రూపాయలైతే, షేరు 1,000 చేరేదాకా ఆప్షన్ విలువ సున్నా. అక్కడ గీత ఒక్కసారిగా మలుపు తిరిగి పైకి లేస్తుంది. ఒక పదునైన మూల. సమీకరణం ఆ మూలను గడువు నుంచి ఇవాళ్టి వైపు వెనక్కి నడిపిస్తుంది. వెనక్కి వచ్చేకొద్దీ, ఎర్రగా కాలిన చోటు నుంచి వేడి ఇరుపక్కలకూ పాకి సర్దుకున్నట్టు, ఆ మూల నునుపుతేలుతుంది. ఇవాళ్టి దగ్గర ఆ నున్నటి గీత ఎంత ఎత్తులో ఉంటే అదే ఆప్షన్ ధర.

అంకెల్లో చూద్దాం. షేరు 1,000 దగ్గర ఉంది, ఒప్పుకున్న ధరా 1,000, ఏడాదికి 20 శాతం ఊగిసలాట ఉన్న షేరు. వడ్డీ వదిలేస్తే, ధరను ఊగిసలాటతో, దాన్ని కాలపు వర్గమూలంతో, దాన్ని 0.4తో హెచ్చవేస్తే దగ్గరి విలువ వస్తుంది. నెల రోజుల ఆప్షన్ సుమారు 23 రూపాయలు. నాలుగు నెలలదైతే 92 కాదు, 46. నాలుగింతల కాలానికి రెండింతల ధర.

సూత్రానికి కావలసినవి అయిదు. షేరు ధర, ఒప్పుకున్న ధర, మిగిలిన గడువు, వడ్డీ రేటు, ఊగిసలాట. మొదటి నాలుగూ తెర మీద కనిపిస్తాయి. అయిదోది, అంటే కడ్డీలో ఇనుము పాత్ర పోషించే స్థిరాంకం, ఎక్కడ దొరుకుతుంది? పాత ధరల నుంచి లెక్కవేయవచ్చు, కానీ ఆప్షన్ మీద ఉన్నది రాబోయే నెల. అందుకని వ్యాపారులు దారి తిప్పారు. మార్కెట్లో ఆప్షన్ ఎంతకు పలుకుతోందో చూసి, సూత్రాన్ని వెనక నుంచి నడిపి, ఏ ఊగిసలాట పెడితే ఆ ధర వస్తుందో కనుక్కుంటారు. మన ట్రేడింగ్ యాప్‌లలో ఆప్షన్ చెయిన్ తెరిస్తే 'ఐ.వి.' అన్న వరుసలో కనిపించే అంకె ఇదే. దాన్ని ఎవరూ కొలవలేదు. ధరను అర్థం చేసుకోవడానికి కావలసిన అంకెను ధర నుంచే తీసుకున్నారు. పెర్రిన్ స్థిరాంకానికి పది దిక్కుల నుంచి సాక్ష్యముంది. ఈ స్థిరాంకానికి సాక్షి, అది ఏ ధర గురించి సాక్ష్యం చెప్పాలో ఆ ధరే.

ఇంకో తేడా ఉంది, అది మరింత లోతైనది. ఐన్‌స్టైన్ పత్రం అచ్చయిందని నీటి అణువులకు తెలియదు. బ్లాక్, షోల్స్ పత్రం వ్యాపారులకు తెలిసింది. ఆ పత్రం వచ్చిన 1973లోనే, ఏప్రిల్ 26న షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరిచారు. సూత్రంతో కట్టిన ధరల పట్టికలను బ్లాక్ స్వయంగా అమ్మేవాడు. వ్యాపారులు వాటిని చుట్టచుట్టి చేతపట్టుకుని వేలంగదిలో నిలబడేవారు. పట్టిక కంటే ఎక్కువ పలికితే అమ్మారు, తక్కువ పలికితే కొన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ మార్కెట్ ధరలు సూత్రానికి దగ్గరయ్యాయి. సూత్రం నిజమని రుజువైందని చాలామంది అనుకున్నారు. సమాజశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ మెకెంజీ ఈ కాలాన్ని తవ్వి చూసి, నమూనా మార్కెట్‌ను ఫొటో తీయడమే కాదు, దాన్ని నడిపించిందని వాదించాడు. ఆయన వాదన నాకు సబబుగా తోస్తుంది.

నడిపించిన బండి 1987 అక్టోబరు 19న లోయలోకి దిగింది. అదే సూత్రం ఆధారంగా పెద్ద పెన్షన్ నిధులకు 'పోర్ట్‌ఫోలియో బీమా' అమ్మారు. ధర తగ్గేకొద్దీ షేర్లు అమ్ముతూ పోతే నష్టానికి ఒక నేల ఏర్పడుతుందని దాని హామీ. ఒకరిద్దరు చేస్తే పనిచేసే ఉపాయమే. వేలకోట్ల డాలర్ల నిధులన్నీ ఒకే సూత్రం చూసి ఒకే రోజున అమ్మకానికి దిగితే కొనేవాడు ఎవడు? ఆ అమ్మకాలు ధరను దించాయి, దిగిన ధర ఇంకా అమ్మమంది. ఒక్క రోజులో డౌజోన్స్ సూచీ 22.6 శాతం కూలింది. పతనానికి కారణం ఇదొక్కటే అని అనను, కానీ ఇది మంటను పెంచిందని ఆ పతనంపై వేసిన విచారణ సంఘం కూడా చెప్పింది. ఆ తర్వాత ఆప్షన్ ధరల స్వరూపమే మారిపోయింది. ఒకే షేరు మీద ఒకే గడువున్న ఆప్షన్లన్నిటికీ ఐ.వి. ఒకటే ఉండాలని సూత్రం చెబుతుంది. 1987 తర్వాత అలా లేదు. బాగా కింద ధరలకు ఒప్పుకున్న ఆప్షన్లకు ఐ.వి. పెరిగి, గీత ఒక పక్కకు ఒరిగింది. ఇవాళ నిఫ్టీ చెయిన్‌లో కూడా ఆ ఒరుగు చూడవచ్చు. కూలిన జ్ఞాపకం ధరల్లోకి ఎక్కింది.

నాణెం ఎగరవేతల గణితం పెద్ద కుదుపుల్ని తక్కువ అంచనా వేస్తుందని బెన్వా మాండెల్‌బ్రోట్ 1963లోనే పత్తి ధరలు పరిశీలించి చెప్పాడు. మన దగ్గరే చూడండి. ఏడాదికి 20 శాతం ఊగిసలాట అంటే రోజుకు సుమారు 1.25 శాతం. 2020 మార్చి 23న కరోనా భయంతో నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం దాకా పడింది. మామూలు రోజుల ఆ కొలతతో చూస్తే పదింతల కుదుపు. నాణెం ఎగరవేతలు ఇచ్చే గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం అలాంటి రోజు విశ్వం పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కటి కూడా రాకూడదు. మెర్టన్, షోల్స్ ఇద్దరూ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే నిధి, ఇద్దరికీ నోబెల్ వచ్చిన మరుసటి ఏడాదే, 1998లో, 400 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. దాన్ని నిలబెట్టడానికి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పెద్ద బ్యాంకులన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టవలసి వచ్చింది.

ఇంత జరిగాక అర్థశాస్త్రంలో సమీకరణాలు దండగ అనేవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. బషెలియే చెప్పిన ఒక్క సున్నాను తీసుకుంటే చాలు. సగటున సట్టాదారుకు మిగిలేది సున్నా, అందులోంచి బ్రోకరేజీ, పన్నులు పోతే మైనస్. మన దేశంలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. సగటు నష్టం మనిషికి దాదాపు 2 లక్షల రూపాయలు. లాభాల్లో సింహభాగం కంప్యూటర్ అల్గారిథమ్‌లతో బేరాలు చేసే పెద్ద సంస్థలకు వెళ్లింది. ఆప్షన్‌కి న్యాయమైన బయానా ఎంతో ఆ యంత్రాలు క్షణంలో వెయ్యోవంతులో లెక్కగట్టుకుంటాయి. వాటి ఎదుట కూర్చుని వారం గడువు ఆప్షన్‌ని ఊహమీద కొనే కుర్రవాడికి, వర్గమూలం ప్రతి పూటా తన చేతిలోని విలువను ఎలా కరిగిస్తుందో ఎవరూ చెప్పి ఉండరు. చివరి రోజుల్లో ఆ కరుగుదల మరీ వేగం. ఈ సమీకరణం తెలుగు యువకులకు యూట్యూబ్ చిట్కాల కంటే ముందు తెలియాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నమూనాను ఎక్కడ వాడాలో తెలిసినవాళ్లు దాన్ని మార్చుకోవడానికీ వెనకాడరు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌ల వల్ల పెట్రోలు అడిగే నాథుడు లేడు. ఓక్లహోమాలోని కుషింగ్‌లో ముడిచమురు ట్యాంకులు నిండుతూ వచ్చాయి. మే నెలలో చమురు అందుకునే ఫ్యూచర్స్ కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్లు గడువు ముగిస్తే నూనెను నిజంగానే తీసుకెళ్లాలి, పెట్టుకోవడానికి చోటు లేదు. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. తీసుకెళ్లేవాడికి ఎదురు డబ్బిచ్చారు. ధర ఎన్నటికీ సున్నా దాటి కిందకు రాదన్న నమ్మకం మీద కట్టిన సూత్రాలు ఆ ధర దగ్గర జవాబే ఇవ్వలేకపోయాయి. ఆ వారంలోనే షికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజి క్లియరింగ్ విభాగం చమురు ఆప్షన్ల లెక్కకు ఇకమీదట బషెలియే నమూనా వాడతామని సభ్యులకు నోటీసు పంపింది. 120 ఏళ్ల కిందటి ఆ వ్యాసంలో లోపమని అందరూ దిద్దుతూ వచ్చిన చోటే, ధర సున్నా కిందకు పోగలగడమే, ఆ వారం వాళ్లకు కావలసి వచ్చింది.